ఇరవై ఒక్క పాయింట్ల చెయ్యి, అయిదో మెట్టు మీద మొదటి మాట

బ్రిడ్జి బల్ల దగ్గర ముక్కలు ఎత్తుకుని విప్పి చూసుకుంటున్నప్పుడు ఆసులూ రాజులూ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తే, ఎంత అనుభవం ఉన్నవారికైనా వేళ్లలో చిన్న వణుకు వస్తుంది. పన్నెండేళ్లుగా ఆడుతున్న నాకు అది ఇంకా పోలేదు, పోవాలని నేను కోరుకోవడమూ లేదు. అయితే ప్రతి శనివారం ఆట ముగిశాక ఇంటికి వచ్చి, పోయిన పందేల వివరం ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. ఆ పుస్తకం తిరగేస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. నేనూ నా భాగస్వామీ కలిసి పోగొట్టుకున్న పెద్ద అంకెల్లో చాలా భాగం నాసి ముక్కలు పడిన రోజుల్లో పోయినవి కావు. మంచి ముక్కలు పడి, వాటి సంగతి ఒకరికొకరం సరిగా చెప్పుకోలేక పోయినవి. ఈ రోజు రాయదలచుకున్నది ఆ చెప్పుకోవడం గురించే.

నా భాగస్వామి భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. విశాఖపట్నంలో మేము ఆడే చోట అందరూ ఆయనను మాస్టారు అనే పిలుస్తారు, నేనూ అంతే. బల్ల దగ్గర మేమంతా పేకలోని నాలుగు సూట్లను, అంటే ముక్కల జాతులను, స్పేడ్స్, హార్ట్స్, డైమండ్స్, క్లబ్స్ అనే పిలుచుకుంటాము గానీ, నేను పేక మొదట పట్టుకున్నది మా అమ్మమ్మగారి అరుగు మీద కాబట్టి, రాయబోయేసరికి ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అన్న మాటలే కలంలోకి వస్తాయి.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. 52 ముక్కలు నలుగురికి 13 చొప్పున పంచుతారు, ఆ పదమూడునే చెయ్యి అంటాము, ఎదురెదురుగా కూర్చున్నవారిద్దరూ ఒక జట్టు. ఆటకు ముందు వేలంపాట లాంటి బిడ్డింగు జరుగుతుంది. ఒక్కో బిడ్డు ఇన్ని ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే చుట్లు) గెలుస్తామన్న హామీ: రెండు కళావర్లు అంటే రెండో మెట్టు, కళావర్లు తురుపుగా ఆరుకు పైన రెండు, మొత్తం ఎనిమిది ట్రిక్కులు. అందులో కళావరు అన్నిటికన్నా కింది మెట్టు, దాని పైన వరసగా డైమను, ఆఠీను, ఇస్పేటు, నో ట్రంప్ (తురుపు లేని ఆట) ఉంటాయి. పాట ఎప్పుడూ పైకే వెళ్లాలి, కిందికి దిగే వీలు లేదు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కిస్తే పేక మొత్తంలో 40 పాయింట్లు ఉంటాయి. జట్టుకు రెండు చేతులూ కలిపి 25 లేక 26 ఉంటే గేమ్ (మూడు నో ట్రంప్ లాంటి, అదనపు పాయింట్లు దక్కే పాట) వరకు, 33 ఉంటే 12 ట్రిక్కుల చిన్న స్లామ్ వరకు వెళ్లవచ్చునని అందరూ నమ్మే లెక్క. భాగస్వామి ముక్కలు కనబడవు కనుక ఆ మెట్లే మన భాష. ఏడో మెట్టు నో ట్రంప్ దాకా మొత్తం 35 బిడ్లు, వాటితో పాటు పాస్, డబుల్ (ఎదుటి జట్టు పాటకు పాయింట్ల రెట్టింపు), రీడబుల్ (దానికి మళ్లీ రెట్టింపు). ఇంతకు మించి ఒక్క మాట లేదు.

ఇప్పుడు నా నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీసి ఉన్న ఒక చెయ్యి. అది నాలుగేళ్ల కిందటి టీముల పోటీ, అంటే ఒకే ముక్కలను రెండు గదుల్లో ఆడి ఫలితాలు పోల్చేది; రెండు పక్షాల్లో ఎవరూ వల్నరబుల్ (గెలుపుకూ ఓటమికీ పాయింట్లు పెరిగే స్థితి) కారు, ముక్కలు పంచింది నేను. నాకు ఇస్పేటులో ఒంటరి ఆసు, ఆఠీనులో ఆసు, రాజు, జాకీ, ఏడు, నాలుగు, డైమనులో ఆసు, రాజు, రాణి, ఆరు, మూడు, కళావరులో ఎనిమిది, రెండు పడ్డాయి. 21 పాయింట్లు, రెండు అయిదేసి ముక్కల సూట్లు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రెండు కళావర్లు అని రాసి ఉన్న బిడ్డింగు కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆ బిడ్డుకూ కళావర్లకూ సంబంధం లేదు; "నా దగ్గర చాలా బలమైన చెయ్యి ఉంది, పాస్ చేయవద్దు" అని చెప్పడానికి చాలామంది వాడే కృత్రిమమైన మాట అది.

నా ఎడమ వైపు ఆయన మూడు ఇస్పేట్లు అన్నారు. ఇస్పేటు రాజు నుంచి ఎనిమిది దాకా వరసగా ఆరు ముక్కలు, వాటితో పాటు ఇస్పేటు అయిదు, మొత్తం ఏడు ముక్కలు ఆయన దగ్గర ఉన్నాయని తరువాత తెలిసింది. మాస్టారు పాస్. కుడి వైపు ఆయన నాలుగు ఇస్పేట్లకు పెంచారు. పాట నా దగ్గరకు తిరిగి వచ్చేసరికి నేను అయిదో మెట్టు మీద నిలబడి ఉన్నాను, నా రెండు సూట్లలో ఏదీ మాస్టారికి ఇంకా చెప్పలేదు. అయిదు డైమన్లు అనాలా, అయిదు ఆఠీన్లు అనాలా? ఆఠీన్లకు ఒక్కో ట్రిక్కు విలువ ఎక్కువ కనుక అయిదు ఆఠీన్లు అన్నాను. మాస్టారు పాస్ చేశారు. ఆయన దృష్టిలో నేను ఆరేడు ఆఠీన్లున్న మనిషిని, ఆయనకేమో ఆఠీన్లు రెండే ఉన్నాయి, ఆయన వేరే ఏం చేయగలరు?

ముక్కలు పరిచాక చూస్తే ఆయన చేతిలో డైమను జాకీతో నాలుగు డైమన్లు, కళావరు ఆసుతో అయిదు కళావర్లు, ఇస్పేట్లు రెండు, ఆఠీన్లు రెండు ఉన్నాయి. మొత్తం 5 పాయింట్లే, కానీ నా చేతికి అంతకన్నా సరిగ్గా సరిపోయే అయిదు పాయింట్లు దొరకవు. డైమన్లు తురుపు అయితే ఇస్పేటు ఆసు తీసుకుని, తురుపులు రెండు చుట్లలో లాగేసి, ఆఠీను ఆసు, రాజు దించి, మిగిలిన చిన్న ఆఠీన్లు రెండూ డమ్మీలో (బల్ల మీద పరిచిన భాగస్వామి చేతిలో) తురుపు కొట్టుకుని, ఒక్క కళావరు ట్రిక్కు మాత్రం ఇచ్చి 12 ట్రిక్కులు తీసుకోవచ్చు. ఆఠీన్లు తురుపు అయితే కుడి వైపు రాణితో సహా నాలుగు ఆఠీన్లు కాచుకుని కూర్చున్నాయి. నేను ఆసు, రాజు దించాను, రాణి పడలేదు, ఒక ట్రిక్కు తగ్గింది. డమ్మీ వైపు నుంచి ఆఠీను ఆడి జాకీతో ఫినెస్ చేసి, అంటే రాణి కుడి వైపు ఉందని ఊహించి ముందు జాకీ వేసి ఉంటే అయిదు ఆఠీన్లు దక్కేవి, ఆ తప్పూ నాదే. అయినా స్లామ్ అప్పటికే చెయ్యి దాటిపోయింది.

రెండో గదిలో ఇవే ముక్కలతో ప్రత్యర్థి జట్టు ఆటగాడు ఒక ఆఠీను అని ఓపెన్ చేశారు. అక్కడా మూడు ఇస్పేట్లు, పాస్, నాలుగు ఇస్పేట్లు అనే పాట నడిచింది. అప్పుడాయన అయిదు డైమన్లు అన్నారు. భాగస్వామికి ఇప్పుడు రెండు సూట్లూ తెలుసు. ఎదుటి జట్టువారు అడ్డుపడి తరుముతున్నా స్వయంగా అయిదో మెట్టు ఎక్కినవారి చెయ్యి ఎంత బలమైనదో కూడా తెలుసు. నాలుగు డైమన్లూ ఒక ఆసూ పెట్టుకుని ఆయన ఆరు డైమన్లు అన్నారు. వారికి 920, మాకు మైనస్ 50, తేడా 970 పాయింట్లు, టీముల లెక్కలో 14 ఐఎంపీలు (తేడాను కుదించి లెక్కించే అంతర్జాతీయ మ్యాచ్ పాయింట్లు).

ఆట తరువాత మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ మాస్టారు నన్ను కోప్పడలేదు. "బాబూ, నువ్వు మొదటి మాటలో నీ బలం చెప్పావు. బలం నాకు రెండో మాటలో తెలిసినా సరిపోయేది. నీ ఆకారం నాకు ఎప్పుడు చెబుదామనుకున్నావు?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. బలం అనేది ఒక అంకె, దాన్ని ఒక్క బిడ్డుతో చెప్పవచ్చు. ఆకారం అలాంటిది కాదు. ఏ సూట్ ఎంత పొడవు, రెండోది ఉందా, ఎక్కడ ఒంటి ముక్క ఉంది, ఎక్కడ ఆసు లేదు అన్నవి ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోవాలి, ఒక్కొక్కదానికి ఒక్కో మెట్టు ఖర్చవుతుంది. రెండు కళావర్లు అన్న తరువాత మూడు నో ట్రంప్ దాకా, దానితో కలిపి, తొమ్మిది మెట్లే మిగులుతాయి. భాగస్వామి ఆనవాయితీగా రెండు డైమన్లు అంటాడు, అందులో ఒకటి పోతుంది. ఆ తరువాత నా సూట్ డైమన్లయితే మూడు డైమన్లు అనాలి, అప్పుడు మూడు నో ట్రంప్‌కు కింద మూడు ఆఠీన్లు, మూడు ఇస్పేట్లు అనే రెండే మెట్లు మిగులుతాయి. భాగస్వామి ఏమైనా చెప్పడానికి నేను ఆయనకు మిగిల్చినది అంతే. అందుకే డైమన్లు, కళావర్లు ప్రధానంగా ఉన్న చెయ్యి ఎంత బలమైనదైనా సరే దాన్ని ఒకటో మెట్టు మీదే మొదలుపెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం. రెండు సూట్ల చేతికి ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

ఒకటో మెట్టు మీద ఆరంభిస్తే అందరూ పాస్ చేసేస్తారేమో అన్న భయం సహజమే. కానీ లెక్క చూడండి. నా దగ్గర 21 ఉండి, భాగస్వామి దగ్గర జవాబివ్వడానికి కావలసిన అయిదారు కూడా లేకపోతే, ఎదుటి ఇద్దరి దగ్గరా కలిపి 14కు పైనే ఉంటాయి. పైగా నాకు రెండు సూట్లే ఉన్నాయంటే మిగిలిన రెండు సూట్లూ బల్ల మీద మిగతా ముగ్గురి దగ్గరే పోగుపడి ఉంటాయి. అలాంటప్పుడు ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఈ నాలుగేళ్లలో ఒక ఆఠీను దగ్గర మూడు పాస్‌లు పడి, పది ట్రిక్కులు వచ్చి, గేమ్ పోయిన సందర్భం మాకు ఒక్కటే ఎదురైంది. దాన్ని మాస్టారు బీమా ప్రీమియం అన్నారు.

మరి రెండు కళావర్లు దేనికి? ఈ బిడ్డు రెండు రకాల చేతులకు మాత్రం చక్కగా సరిపోతుంది: ఒకే పొడవైన సూట్ ఉన్నవి, అన్ని సూట్లూ సమంగా ఉన్నవి. సమంగా ఉన్న చెయ్యి అన్నిటికన్నా సులువు, ఎందుకంటే దాని ఆకారం ముందే తెలిసినదే, చెప్పవలసింది అంకె ఒక్కటే. మేము ఆడే పద్ధతిలో 15 నుంచి 17 వరకు ఒక నో ట్రంప్. 18, 19 అయితే ఏదో ఒక సూట్ ఒకటో మెట్టు మీద చెప్పి తరువాత రెండు నో ట్రంప్‌కు గెంతడం. 20, 21 అయితే నేరుగా రెండు నో ట్రంప్. 22 నుంచి 24 వరకు రెండు కళావర్లు అని, భాగస్వామి రెండు డైమన్ల తరువాత రెండు నో ట్రంప్. 25, ఆ పైన అయితే పూర్వం మూడు నో ట్రంప్ అనేవాళ్లం. అలా అన్న మరుక్షణం భాగస్వామికి తన నాలుగు ఇస్పేట్లో, అయిదు ఆఠీన్లో చెప్పుకునే చోటు లేకుండా పోయేది. ఇప్పుడు కెనడా ఆటగాడు ఎరిక్ కోకిష్ పేరు మీద ఉన్న ఏర్పాటు వాడుతున్నాము. రెండు డైమన్ల తరువాత నేను రెండు ఆఠీన్లు అంటే దానికి రెండు అర్థాలు: నిజంగా ఆఠీన్లున్నాయి, లేదా 25, ఆ పైన ఉన్న సమమైన చెయ్యి. భాగస్వామి ఏమీ ఆలోచించకుండా రెండు ఇస్పేట్లు అంటాడు, అప్పుడు నేను రెండు నో ట్రంప్ అంటే రెండోది, వేరే ఏదంటే మొదటిది. 25 పాయింట్ల చేతితో కూడా రెండో మెట్టు మీదే నిలబడి ఉండటం వల్ల మూడో మెట్టు మొత్తం సంభాషణకు మిగులుతుంది. బిడ్డింగులో నాకు ఇంత ముచ్చటగొలిపే ఏర్పాటు ఇంకొకటి లేదు.

ఒకే సూట్ ఉన్న చేతుల విషయంలో నేను పాయింట్లకన్నా ట్రిక్కులు లెక్కపెడతాను. ఇస్పేటులో ఆసు, రాజు, రాణి, జాకీ, తొమ్మిది, ఆరు, ఆఠీనులో ఆసు, రాజు, అయిదు, డైమనులో ఆసు, ఏడు, కళావరులో రాజు, నాలుగు ఉన్నాయనుకుందాం. 24 పాయింట్లు, నా ఒక్కడి చేతిలోనే తొమ్మిది ట్రిక్కులు, కళావరు రాజు కలిసివస్తే పది. ఇది నిస్సందేహంగా రెండు కళావర్లు. ఇస్పేటులో రాజు, రాణి మొదలు ఎనిమిది ముక్కలుండి పక్కన ఒక్క ఆసు మాత్రమే ఉన్న చేతితోనూ చాలా ట్రిక్కులు వస్తాయి గానీ, దాన్ని రెండు కళావర్లని ఓపెన్ చేయడం నాకు ఇష్టం ఉండదు. ఎదుటివారు అయిదో మెట్టు మీద అడ్డుపడినప్పుడు భాగస్వామి నా ఆసుల మీద నమ్మకంతో డబుల్ చేస్తాడు, నా దగ్గర ఆ ఆసులుండవు. ఆసు-రాజు జోడీకి రెండు, ఆసు-రాణి జోడీకి ఒకటిన్నర, ఒంటి ఆసుకూ రాజు-రాణి జోడీకీ ఒక్కొక్కటి, పక్కన చిన్న ముక్కతో ఉన్న రాజుకు అర అనే పాత క్విక్ ట్రిక్కుల లెక్క ఒకటి ఉంది. దాని ప్రకారం నాలుగు లేకుండా ఆ కార్డు పెట్టె నుంచి తీయరాదన్నది మా నియమం.

పై ఇస్పేట్ల చేతితో పాట ఎలా సాగాలో చూస్తే, ఈ ఆటలో కొత్తవారికి వింతగా కనిపించే ఒక సంగతి బయటపడుతుంది. నేను రెండు కళావర్లు, మాస్టారు రెండు డైమన్లు, నేను రెండు ఇస్పేట్లు. ఇప్పుడు మాస్టారి దగ్గర మూడు ఇస్పేట్లున్నాయి. ఆయన మూడు ఇస్పేట్లు అంటే మంచి చెయ్యి, నాలుగు ఇస్పేట్లు అంటే అంతంతమాత్రం. ఎక్కువ అన్నవాడి దగ్గర తక్కువ, తక్కువ అన్నవాడి దగ్గర ఎక్కువ. గేమ్ వరకు వెళ్లడం ఖాయమని ఇద్దరికీ తెలిశాక, ఇక చెప్పుకునేదేమీ లేనివాడు నేరుగా గమ్యానికి గెంతి పాట ముగిస్తాడు. చెప్పవలసింది ఉన్నవాడు నెమ్మదిగా నడుస్తాడు. మూడు ఇస్పేట్ల తరువాత నేను నాలుగు డైమన్లు అని నా ఆసు చూపిస్తే, మాస్టారు తన దగ్గర ఉన్నదాన్ని బట్టి జవాబిస్తారు, అవసరమైతే నాలుగు నో ట్రంప్‌తో ఆసులు అడగవచ్చు. ఈ పద్ధతి అర్థమయ్యాక నాకు బిడ్డింగు వేరే కళ్లతో కనిపించడం మొదలైంది.

రెండు కళావర్ల స్థాయికి చేరని, అయినా సామాన్యం కాని 17 నుంచి 20 పాయింట్ల చేతులే నిజానికి ఎక్కువగా పడతాయి. వాటిలో రివర్స్ అనే బిడ్డును (మొదటి సూట్ కన్నా పై వరసలోని రెండో సూట్ను రెండో మెట్టు మీద చెప్పడం) ఎక్కువమంది తప్పుగా వాడతారు. ఇస్పేటులో ఏడు ఒక్కటే, ఆఠీనులో ఆసు, రాజు, ఎనిమిది, నాలుగు, డైమనులో ఆసు, అయిదు, కళావరులో ఆసు, రాణి, జాకీ, పది, ఆరు, మూడు ఉన్నాయి, 18 పాయింట్లు. నేను ఒక కళావరు అన్నాను, భాగస్వామి ఒక ఇస్పేటు. ఇప్పుడు నేను రెండు ఆఠీన్లు అంటే, ఆయనకు ఆఠీన్లు నచ్చక నా మొదటి సూట్‌కు తిరిగి రావాలనుకుంటే మూడు కళావర్లు అనవలసి వస్తుంది. అంటే నేను ఆయన్ను మూడో మెట్టుకు నెడుతున్నాను. ఆరు పాయింట్లతో జవాబిచ్చిన మనిషిని అక్కడికి నెట్టే హక్కు నాకు 17 ఉంటే గానీ రాదు. ఆ బిడ్డులోనే మొదటి సూట్ రెండోదానికన్నా పొడవన్న హామీ కూడా ఉంది. 13 పాయింట్లతో రెండు సూట్లూ చూపించాలన్న ఉబలాటంతో రివర్స్ చేసేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే వారి భాగస్వామి ఆ మాటను నమ్మి తన పదకొండు పాయింట్లతో స్లామ్ వెతుక్కుంటూ బయలుదేరుతాడు.

బలమైన చేతిని చెప్పడానికి చోటు చాలదన్న సమస్య ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఉంది. 1925లో లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానా వెళ్లే ఫిన్లాండ్ అనే ఓడలో కాంట్రాక్ట్ బ్రిడ్జి లెక్కలను తీర్చిదిద్దిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్, తన సొంత పద్ధతిలో బలమైన చెయ్యి ఏదైనా సరే ఒక కళావరు అనే మొదలుపెట్టేవాడు. అన్నిటికన్నా కింది బిడ్డునే అన్నిటికన్నా పెద్ద చేతికి ఇవ్వడం! అప్పుడు మూడు నో ట్రంప్ దాకా తొమ్మిది మెట్లకు బదులు పద్నాలుగు దొరుకుతాయి. సి. సి. వీ రూపొందించిన ప్రెసిషన్ పద్ధతిలో 16 పాయింట్లు, ఆ పైన ఉంటే ఒక కళావరే. ఆ పద్ధతి ఆడిన తైవాన్ జట్టు 1969 ప్రపంచ జట్ల పోటీ బెర్ముడా బౌల్‌లో ఇటలీ తరువాత రెండో స్థానంలో నిలిచిన నాటి నుంచి ప్రపంచమంతా దానివైపు చూసింది. మేమూ ఒక ఏడాది పాటు ఆడి చూశాము. ఎదుటివారు నోరు మెదపనంతసేపు అది హాయిగా సాగుతుంది. వారు మా ఒక కళావరు మీద నాసి ముక్కలతోనే రెండు ఇస్పేట్లనో మూడు డైమన్లనో అడ్డుపడటం మొదలుపెట్టాక, ఆకారం చెప్పకుండా బలం మాత్రం చెప్పినవాడి ఇబ్బందే మళ్లీ ఎదురైంది. మా ఇద్దరికీ ఆ పద్ధతి కుదరలేదు గానీ, దాని వెనక ఉన్న ఆలోచన మీద నా గౌరవం తగ్గలేదు.

ఇక రెండో వైపు కూర్చున్నవారి బాధ్యత. బలమైన చెయ్యి చెప్పుకునే పాటలో సగం పని బలహీనమైన చేతిదే. నా తొలి ఏడాదిలో, అప్పుడు నాతో ఆడుతున్న ఒక పెద్దాయన రెండు కళావర్లు అన్నారు, నేను రెండు డైమన్లు, ఆయన రెండు ఇస్పేట్లు. నా చేతిలో ఇస్పేట్లు చిన్నవి నాలుగు, ఆఠీను ఒక్కటే, మిగిలినవి పదిలోపు ముక్కలు, ఒక్క పాయింటు కూడా లేదు. ఇంతకన్నా పైకి వెళ్లడం అన్యాయమనుకుని పాస్ కార్డు పెట్టాను. 11 ట్రిక్కులు వచ్చాయి, గేమ్ పోయింది. ఆయన ముఖం ఎర్రబడింది గానీ ఏమీ అనలేదు. నాలుగు తురుపులు, ఒక ఒంటి ముక్క ఆయన చేతికి ఎంత సాయమో అప్పుడు నాకు తెలియదు. పాయింట్లు లేని చెయ్యి అంటే పనికిరాని చెయ్యి అనే అనుకునేవాణ్ణి. ఫోర్సింగ్ బిడ్డు (పాస్ చేయకూడని మాట) అంటే భాగస్వామి మన మీద పెట్టిన నమ్మకం. దాన్ని పాస్ చేస్తే, ఇకపై ఆయన ప్రతి బలమైన చేతితోనూ భయపడి గెంతుతాడు, నెమ్మదిగా మాట్లాడుకోవడం అన్నదే ఆ జట్టులో అంతరిస్తుంది.

ఇప్పుడు మాస్టారితో నా ఒప్పందం ఇది: రెండు కళావర్లకు జవాబుగా రెండు ఆఠీన్లు అంటే నా దగ్గర ఒక ఆసు గానీ ఒక రాజు గానీ లేవు; రెండు డైమన్లు అంటే ఏదో ఒకటి ఉంది, ఇక గేమ్ దాకా ఎవరూ పాస్ చేయరు. బలమైన చేతిలో ఉన్నది ఆఠీన్లే అయితే, ఆ సూట్ మొదట చెప్పినవాడు బలహీనుడవుతాడు కాబట్టి పెద్ద చెయ్యి డమ్మీగా బల్ల మీద పరచుకోవలసి వస్తుందన్న లోపం ఈ ఏర్పాటులో ఉంది. తెలిసే ఒప్పుకున్నాము. మొదటి చుట్టులోనే భాగస్వామి ఖాళీ చేతులతో ఉన్నాడో లేదో తెలియడం దానికన్నా విలువైనదని మా నమ్మకం.

ఎదుటివారే ముందు ఓపెన్ చేసినప్పుడు బలమైన చేతికి మొదటి మాట డబుల్; ఇక్కడ అది భాగస్వామిని తన సూట్ చెప్పమని అడగడం. వారు ఒక ఆఠీను అన్నారు, మన దగ్గర మంచి ఇస్పేట్లతో 18 ఉన్నాయి. నేరుగా ఒక ఇస్పేటు అంటే అది పది పదిహేను పాయింట్ల మాట. ముందు డబుల్ చేసి, భాగస్వామి ఏదన్నా సరే తరువాత ఇస్పేట్లు చెబితే అప్పుడు అసలు బలం తెలుస్తుంది. ఇందులోనూ ఆకారం రెండో చుట్టు దాకా ఆగుతుంది కనుక, రెండు సూట్ల చేతితో ఇలా చేయడం నేను మానేశాను.

ఇవన్నీ ఎంత తరచుగా అక్కరకొస్తాయి? ఒక మనిషికి పడగల 13 ముక్కల కూర్పులు 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600. వాటిలో 22 పాయింట్లు, ఆ పైన ఉన్నవి దాదాపు 240కి ఒకటి. వారానికి 24 బోర్డులు (పంపకాలు) ఆడే నాకు అలాంటి చెయ్యి రెండున్నర నెలలకు ఒకసారి పడుతుంది. అంత అరుదుగా వచ్చేదాని ఒప్పందాలు మరచిపోవడం ఎంతో తేలిక. అందుకే మేము నెలకొకసారి పేకలోంచి పెద్ద ముక్కలు ఏరి ఒకరి చేతిలో పోసి, మిగిలినవి మరొకరికి పంచుకుని, కేవలం బిడ్డింగు మాత్రమే సాధన చేస్తాము. ఆ సాధనలో మాస్టారు ఒక విషయంలో చాలా కచ్చితంగా ఉంటారు: 5 పాయింట్ల చేతితో కార్డు ఎంత వేగంతో, ఎంత నిదానంగా బల్ల మీద పెడతామో 25 పాయింట్ల చేతితోనూ అలాగే పెట్టాలి. చెయ్యి ఆగడం, కార్డు గట్టిగా చప్పుడయ్యేలా పెట్టడం భాగస్వామికి కబురు పంపడమే అవుతుంది, ఆ కబురును వాడుకోవడం ఆట నియమాలకు విరుద్ధం. నా వేళ్ల వణుకు గురించి మొదట రాశాను. దాన్ని అణచుకోవడం నేర్చుకున్నది ఈ సాధనలోనే.

మొన్నటి సాధనలో నాకు ఇస్పేటులో ఆసు, రాణి, జాకీ, అయిదు, ఆఠీనులో ఆసు, రాజు, ఎనిమిది, రెండు, డైమనులో నాలుగు ఒక్కటే, కళావరులో ఆసు, రాజు, రాణి, ఏడు వచ్చాయి. 23 పాయింట్లు, మూడు నాలుగేసి ముక్కల సూట్లు. దీనికి ఇంతవరకు మా దగ్గర సరైన మాట లేదు. పూర్వం ఇటలీ వారి రోమన్ పద్ధతిలో బలమైన మూడు సూట్ల చేతుల కోసమే రెండు డైమన్ల ఓపెనింగును విడిగా ఉంచారు. మేము ఆ బిడ్డును బలహీనమైన ఆరు డైమన్ల చేతికి ఎప్పుడో ఇచ్చేశాము. ఒంటి డైమనును పట్టించుకోకుండా దీన్ని సమంగా ఉన్న చేతిగా లెక్కగట్టి రెండు కళావర్లు, తరువాత రెండు నో ట్రంప్ అనాలని మాస్టారు అన్నారు. నేను ఒక కళావరు అని మొదలుపెడతానన్నాను. "పాస్, పాస్, పాస్ పడితే?" అన్నారు. "బీమా ప్రీమియం, మాస్టారూ" అన్నాను. ఆయన ఆ ముక్కలను అలాగే రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకున్నారు. వచ్చే శనివారం మిగిలిన 39 ముక్కలను ఇరవై రకాలుగా పంచి, రెండు దారుల్లోనూ పాట నడిపి చూస్తాము.